అది ఎయిటీస్ వైబ్ కాదురా బాబూ

ఇన్‌స్టాలో ఎవరో ఒకరు బూడిదరంగు అపార్ట్‌మెంట్ల మీద వాన పడుతున్న రీల్ పెడతారు, వెనకాల మోల్చత్ దోమా పాట, కింద "ఎయిటీస్ వైబ్స్" అని క్యాప్షన్. ఆ బ్యాండ్ పుట్టిందే 2017లో, బెలారస్‌లోని మిన్స్క్‌లో. ఆ పాట ఉన్న ఆల్బమ్ 2018ది, 2020లో టిక్‌టాక్ పుణ్యమా అని ప్రపంచమంతా పాకేసింది. పాట బాగుంటుంది, దాంతో నాకేం పేచీ లేదు, నా పేచీ అంతా ఆ క్యాప్షన్‌తోనే. ఎందుకంటే వాళ్ల మ్యూజిక్‌కి వెనక ఒక మూలం ఉంది, 1979 నుంచి ఓ 1985 దాకా యూరప్‌లో, అమెరికాలో ఎవరి బెడ్‌రూమ్‌లో వాళ్లు కూర్చుని చేసిన సరుకు, ఇప్పుడు మినిమల్ సింథ్ అనీ మినిమల్ వేవ్ అనీ కోల్డ్ వేవ్ అనీ రకరకాలుగా పిలుస్తున్నారు, దానికీ మన బుర్రల్లో ఉన్న ఎయిటీస్‌కీ పొంతనే లేదు. మనకి ఎయిటీస్ అంటే నియాన్ లైట్లు, భుజాలు పైకి లేచిన కోట్లు, హాలు మొత్తం మోగిపోయే డ్రమ్స్. ఇది ఆ కాలంలోనే ఉండి ఆ కాలానికి వినపడని మ్యూజిక్.

ఇంకొందరు నోస్టాల్జియా అంటారు. దేనికి సార్ నోస్టాల్జియా? అప్పట్లో మా ఇంట్లో మోగింది ఇళయరాజా, చక్రవర్తి. బెల్జియంలో ఎవడో తన గదిలో చేసుకుని స్నేహితులకి పోస్టులో పంపుకున్న క్యాసెట్టు, పక్క వీధి వాళ్లకే తెలీని క్యాసెట్టు, హైదరాబాద్‌లో కూర్చున్న నాకు దాని మీద జ్ఞాపకం ఎక్కణ్నుంచి వస్తుంది? ఈ పాటల్లో చాలా వాటికి అప్పుడు శ్రోతలే లేరు, ఇప్పుడే మొదటిసారి వినేవాళ్లు దొరికారు, కాబట్టి నా లెక్కలో ఇవి కొత్త రిలీజులే, నలభై ఏళ్లు లేటయ్యాయి అంతే.

సరే అసలు ఇందులో ఏముంది అని అడుగుతారు కదా, చెప్తా. ముందు సామాను సంగతి చూడాలి, ఎందుకంటే ఈ మ్యూజిక్ అలా వినపడటానికి సగం కారణం అదే. 1978లో కోర్గ్ వాళ్లు ఎంఎస్-20 అని ఒక సింథ్, అంటే కరెంటుతో శబ్దం పుట్టించే కీబోర్డు, తెచ్చారు, శబ్దం పుట్టించే ఆసిలేటర్లు రెండు ఉంటాయి కానీ ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది, రెండు మెట్లు కలిపి నొక్కినా ఒకటే వస్తుంది. అంటే నాలుగైదు స్వరాలు ఒకేసారి పలికే కార్డ్స్ లేవు. హార్మోనియం మీద మన చెయ్యి వేసినంత తేలిగ్గా నాలుగు వేళ్లు వేసి వెనకాల నిండుగా ఒక తెర కట్టేద్దామంటే కుదరదు. తర్వాత 1979లో టాస్కామ్ వాళ్ల పోర్టాస్టూడియో 144 వచ్చింది, మామూలు క్యాసెట్ మీదే నాలుగు ట్రాకులు విడివిడిగా రికార్డు చేసుకోవచ్చు, ధర 900 డాలర్ల దగ్గర, చవకేం కాదు కానీ స్టూడియో అద్దెలతో పోలిస్తే నయం. డ్రమ్స్‌కి బాస్ అనే కంపెనీ వాళ్ల డీఆర్-55 లాంటి అరచేతిలో పట్టే పెట్టె, అందులో ఉన్నవి నాలుగే శబ్దాలు, కిక్, స్నేర్, రిమ్, హై హ్యాట్.

ఇప్పుడు లెక్కేయండి. నాలుగు ట్రాకుల్లో ఒకటి డ్రమ్ పెట్టెకి పోయింది, ఒకటి అడుగున మంద్రంగా నడిచే బేస్ లైన్‌కి, ఒకటి పైన తిరిగే ట్యూన్‌కి, ఒకటి గొంతుకి. అయిపోయింది. ఇంకేదన్నా కావాలంటే మూడు ట్రాకుల్నీ ఒకదాని మీదకి దింపి మళ్లీ మొదలెట్టాలి, అలా దింపిన ప్రతిసారీ టేపు రొద పెరుగుతుంది. అందుకని అక్కర్లేనిది పెట్టరు, పెట్టిన ప్రతిదీ బరువు మొయ్యాల్సిందే. బేస్ లైన్ బాగోలేదా, పాటే లేదు, దాన్ని కప్పెట్టడానికి వెనకాల వయొలిన్లు రావు. నేను ఈ పాటలకి అతుక్కుపోయింది ఇందుకే. ఇవాళ ఒక లాప్‌టాప్‌లో రెండొందల ట్రాకులు వేసుకోవచ్చు, అందరూ వేస్తున్నారు కూడా, పాట విన్నాక ఒక్క ముక్క గుర్తుండదు. అలా అని లేమి వల్లే గొప్ప కళ పుడుతుంది లాంటి సినిమా డైలాగు చెప్పట్లేదు, అదే సామానుతో చెత్త చేసినవాళ్లు బోలెడు మంది, నేను విన్నవాట్లో సగం చెత్తే, ఆ మాటా ఒప్పుకోవాలి కదా. కానీ కుదిరినప్పుడు మాత్రం ఎక్కడా దాక్కోడానికి చోటు లేని పాట వస్తుంది.

1983లో యమహా డీఎక్స్7 కీబోర్డు వచ్చింది, అదే ఏడు వేర్వేరు కంపెనీల వాయిద్యాల్ని కలిపే మిడి స్టాండర్డ్ కూడా వచ్చింది, ఇంక అందరి కీబోర్డుల్లోనూ అవే రెడీమేడ్ గంటల శబ్దాలు, అవే ఎలక్ట్రిక్ పియానోలు. ఆ తర్వాతి వాటి మీద నాకు పెద్ద ఆసక్తి లేదు.

మనుషుల సంగతి ఇంకా బాగుంటుంది. ఒపెన్‌హైమర్ ఎనాలిసిస్ అని ఇంగ్లాండ్ జంట, ఆండీ ఒపెన్‌హైమర్, మార్టిన్ లాయిడ్. వీళ్లు కలిసింది ఏ క్లబ్బులోనో కాదు, 1979లో బ్రైటన్‌లో జరిగిన వరల్డ్ సైన్స్ ఫిక్షన్ కన్వెన్షన్‌లో. 1982లో న్యూ మెక్సికో అని ఒక క్యాసెట్ చేశారు, నిండా అణుబాంబులు, కోల్డ్ వార్ భయం, ఏ క్షణాన ఎవడు మీట నొక్కుతాడో అన్న కంగారు, అదంతా డాన్స్ చెయ్యదగ్గ బీట్ మీద. తర్వాత బ్యాండ్ సద్దుమణిగింది, ఆండీ గారు ఏమయ్యారో తెలుసా, అణ్వాయుధాలు, పేలుడు పదార్థాల మీద నిపుణుడయ్యారు, ఆ విషయాల మీదే రాస్తారు, మాట్లాడతారు. అంటే ఆ పాటల్లో భయం వేషం కాదు, మనిషి నిజంగానే దాని వెంటపడ్డాడు! నాకు ఇలాంటివి తెలిశాక పాట ఇంకోలా వినపడుతుంది, మీకు అలా కాకపోవచ్చు.

ఫ్రాన్స్‌లో మార్సేలో మార్టిన్ డుపాంట్ అని బ్యాండ్, దాన్ని నడిపిన అలాన్ సెగీర్ తర్వాత చెవి ముక్కు గొంతు డాక్టరయ్యాడు. నాన్సీ అనే ఊళ్లో కాస్ ప్రొడక్ట్ అని ఇద్దరు, అందులో మెషీన్లు వాయించే స్పాట్స్ మానసిక రోగుల ఆస్పత్రిలో నర్సుగా చేసేవాడు, పాడే మోనా సోయక్ అమెరికా మనిషి, వాళ్ల 1982 ఆల్బమ్ రాత్రిపూట ఒంటరిగా వినకండి, మీ మంచికే చెప్తున్నా. లియాన్‌లో డ్యూ అని జెరార్డ్ పెల్లెటియే, కాతీ టేట్, ఒక ఆడ గొంతు ఒక మగ గొంతు, ఇద్దరూ ఏ భావం లేకుండా రైల్వే స్టేషన్ అనౌన్స్‌మెంట్ చదివినట్టు పాడతారు, అయినా ఎందుకో గుండెలో ఎక్కడో పట్టేస్తుంది. ఫిలడెల్ఫియాలో క్రాష్ కోర్స్ ఇన్ సైన్స్ వాళ్లయితే బొమ్మ వాయిద్యాలు, వంటింటి మిక్సీల్లాంటివి కూడా వాడారు, 1979లో వచ్చిన మొదటి సింగిల్ వింటే మనింట్లో పొద్దున్నే చట్నీ రుబ్బుతున్న హడావుడి గుర్తొచ్చి నవ్వొస్తుంది. నెదర్లాండ్స్‌లో డానీ బోస్టెన్ దస్ డింగ్ అని పేరెట్టుకుని సొంతంగా క్యాసెట్లు వేసే చిన్న కంపెనీ, అదే లేబులే, నడిపాడు. వీళ్లెవరూ స్టార్లు అవ్వలేదు, చాలామంది అవ్వాలని కూడా అనుకోలేదేమో, పొద్దున్నే డ్యూటీకి పోవాల్సిన మనుషులు.

మరి మన దాకా ఎలా వచ్చాయి? యూట్యూబ్ అల్గారిదమ్ చూపించింది అంటారు అందరూ, నాకు ఒళ్లు మండేది ఇక్కడే. అల్గారిదమ్ చూపించాలంటే ముందు ఆ పాట అక్కడ ఉండాలి కదా నాయనా. న్యూయార్క్‌లో వెరోనికా వాసిచ్కా అనే ఆవిడ ఇలాంటి పాత పాటల్ని మళ్లీ రికార్డుగా వేయడానికి 2005లో మినిమల్ వేవ్ అని లేబుల్ పెట్టింది, మొదటి రికార్డు పైన చెప్పిన ఒపెన్‌హైమర్ ఎనాలిసిస్‌దే. ఇవాళ మనం వాడే ఆ పేరు ఇంతగా పాకడానికి కూడా ఆవిడే కారణం, అప్పట్లో ఆ మ్యూజిక్ చేసినవాళ్లకి తాము ఒక జానర్ అని తెలీదు. 2009లో శాన్ ఫ్రాన్సిస్కోలో జాష్ చియాన్ డార్క్ ఎంట్రీస్ అని ఇంకో లేబుల్ పెట్టాడు. 2010లో హిప్ హాప్ లేబుల్ స్టోన్స్ త్రో వాళ్లతో కలిసి మినిమల్ వేవ్ టేప్స్ అనే కలెక్షన్ వచ్చింది, దాంతో ఈ వైపు ఎప్పుడూ తొంగిచూడని జనం కూడా విన్నారు.

ఈ పని ఎలా ఉంటుందో ఊహించండి. క్యాసెట్ కవర్ మీద ఒక ముద్దుపేరు, ఒక పోస్టు బాక్స్ నంబరు, అది ఎప్పుడో మూతపడింది. ఆ మనిషిని పట్టుకోవాలి, అతను యాభై అరవై ఏళ్లవాడు, ఫోన్ చేసి మీరు ఇరవయ్యో ఏట చేసిన పాటలు రికార్డుగా వేస్తాం అంటే మొదట ఎవరో మోసగాళ్లనుకుంటాడు. ఒప్పుకున్నాక మాస్టర్ టేపు అటక మీదో బేస్‌మెంట్‌లోనో ఉండాలి, ఉంటే బతికుండాలి, ఆ కాలం నాటి కొన్ని రీల్ టేపులు తేమకి జిగురెక్కి, తిరిగితే పూత ఊడొచ్చేస్తుంది, సన్నని వేడి మీద గంటలకొద్దీ కాచి అప్పుడు ఒక్కసారి ప్లే చేసి కాపీ తీసుకోవాలి. తర్వాత కాగితాలు, డబ్బుల లెక్కలు, పాత సభ్యుల మధ్య పాత గొడవలు. ఇంత చేశాక వేసేది కొద్ది కాపీలు. ఇదంతా మనుషులు చేసిన పని, క్రెడిట్ మాత్రం మెషీన్‌కి.

అరుదైనది కాబట్టే గొప్పది అనుకునే బ్యాచ్ ఇంకొకటుంది, వాళ్లతో కూడా నాకు పడదు. ఒరిజినల్ క్యాసెట్ డిస్కాగ్స్‌లో, అదే పాత రికార్డులు అమ్మే సైట్‌లో, కొని ఫొటో పెడతారు, రీఇష్యూ, అంటే మళ్లీ వేసిన రికార్డు, రాగానే మొహం మాడ్చుకుంటారు, ఇంక అందరికీ తెలిసిపోయిందని. అరె, ఆ పాట చేసినోడు కోరుకున్నది అదే కదా! అతనికి పైసా వచ్చేది రీఇష్యూ వల్లే, నువ్వు వేలు పోసి కొన్న పాత కాపీ వల్ల కాదు. 2024 నవంబర్‌లో ఒక ముచ్చట జరిగింది, గుర్తుందా? 1984 ప్రాంతంలో జర్మనీ రేడియోలో ఎవరో టేపు చేసుకున్న పాట, పాడిందెవరో తెలీక 2007 నుంచి నెట్‌లో వెతికారు, ఇంటర్నెట్‌లో అత్యంత మిస్టరీ పాట అని పేరు, చివరికి కీల్ ఊరికి చెందిన ఫెక్స్ అనే బ్యాండ్ అని తేలింది. చాలామంది నిరాశపడ్డారు, మిస్టరీ పోయిందని. నాకైతే ఆ రోజు నుంచే ఆ పాట బాగుంది, పేరున్న మనుషులు పాడుతున్నట్టు ఉంది.

మనవైపు సంగతి చెప్పకుండా పోతే అన్యాయం. చరణ్‌జిత్ సింగ్, బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించిన మనిషి, 1982లో రోలాండ్ కంపెనీ జూపిటర్-8 సింథ్, టీఆర్-808 డ్రమ్ మెషీన్, బేస్ వాయించే టీబీ-303 ముందు పెట్టుకుని డిస్కో బీట్ మీద పది రాగాలు రికార్డు చేశాడు. హెచ్ఎంవీ వేసింది, అమ్ముడుపోలేదు. 2002లో ఎడో బౌమన్ అనే డచ్ కలెక్టర్‌కి ఢిల్లీలో ఒక కాపీ దొరికింది, 2010లో మళ్లీ వేశాడు, ప్రపంచం నోరెళ్లబెట్టింది. ఎందుకు? షికాగోలో ఫ్యూచర్ అనే గ్రూపు అదే 303తో యాసిడ్ హౌస్ అనే క్లబ్ డాన్స్ మ్యూజిక్ మొదలెట్టింది 1987లో, ఈయన అయిదేళ్ల ముందే చేశాడని. అప్పటినుంచి ఎక్కడ చూసినా ఇదే ముక్క, ఇండియావాడు ముందే కనిపెట్టాడు, మనోళ్లు ఛాతీ విరుచుకోడం. ఆయన ఏ హౌసూ కనిపెట్టడానికి కూర్చోలేదు, కొత్త మెషీన్ల మీద రాగం ఎలా పలుకుతుందో చూద్దామని కూర్చున్నాడు.

ముందా వెనకా అన్నది పక్కన పెట్టి వినండి ఒకసారి. 303ని రోలాండ్ వాళ్లు చేసింది ఒంటరిగా గిటార్ వాయించేవాళ్లకి వెనకాల బేస్ వాయిద్యంగా, ఎవరూ కొనక 1984లో ఆపేశారు. కానీ దాంట్లో స్లైడ్ అని ఒకటుంది, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి తెగకుండా జారుతుంది. రాగానికి ఆ జారుడు ఎంత ముఖ్యమో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. మాల్కౌంస్ అని ఉన్నదాన్ని పెట్టుకోండి, అది మన హిందోళమే, భూపాలీ అంటే మన మోహన. చిన్నప్పుడు అరకొరగా సంగీతం క్లాసుకి పోయి పారిపోయి వచ్చినవాళ్లు కూడా ఠక్కున పట్టేస్తారు. నాకు ఈ ఆల్బమ్ దగ్గర ఒక్క విషయంలో యూరప్ శ్రోత కంటే ముందు సీటు దొరికిందనిపిస్తుంది. పాపం ఆయన డెబ్బై దాటాక యూరప్ పిలిచి స్టేజీ ఎక్కించారు, 2015లో పోయారు. ఇంతకన్నా వెనక్కి పోతే అహ్మదాబాద్‌ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో 1969లోనే మూగ్ సింథసైజర్ పెట్టి ప్రయోగాలు చేశారు, అక్కడి టేపుల్ని పాల్ పర్గస్ అనే కళాకారుడు బయటికి తీస్తే 2023లో రికార్డుగా వచ్చాయి, అది మాత్రం పాటల వ్యవహారం కాదు, ఓపికున్నవాళ్లకే.

కొత్తగా మొదలెట్టేవాళ్లు డ్యూ వాళ్ల డెకడెన్స్ కలెక్షన్‌తో మొదలెట్టండి, అరగంట తర్వాత నచ్చకపోతే ఈ గొడవ మీకు పడదని అర్థం, నన్ను తిట్టుకుని వెళ్లిపోండి. నచ్చితే ఒపెన్‌హైమర్ ఎనాలిసిస్, తర్వాత మార్టిన్ డుపాంట్, ఆ తర్వాత చరణ్‌జిత్. దస్ డింగ్‌ని చివర్లో పెట్టుకోండి, మొదటే వింటే పారిపోతారు. పాటలు అమ్మే సైట్ బ్యాండ్‌క్యాంప్‌లో దొరికినవి కొనండి, కాఫీ డబ్బులే, పాట చేసిన ఆ ముసలాయనకి చేరతాయి. దయచేసి ఫోన్ స్పీకర్‌లో మాత్రం పెట్టకండి, బేస్ లైన్ వినపడదు, అది లేకపోతే వాటిలో మిగిలేది టిక్కు టిక్కుమనే డబ్బా చప్పుడే, అది విని మళ్లీ నా దగ్గరికొచ్చి ఇదేం మ్యూజిక్ రా అంటే నేను సమాధానం చెప్పను.