ఏ దేవుడో రాయకపోవడమే మేలైంది

రోములో కొలోసియం పక్కనే, క్రైస్తవం వైపు మళ్లిన తొలి రోము చక్రవర్తి కాన్‌స్టాంటైన్ తోరణం ఉంటుంది. 315 నాటిది. యుద్ధంలో చక్రవర్తి గెలిచింది 'ఇన్‌స్టింక్టు డివినిటాటిస్', అంటే దైవ ప్రేరణ వల్ల అని దాని మీద చెక్కారు. ఏ దైవం? అది మాత్రం చెక్కలేదు. తొలి క్రైస్తవం, చివరి కాలపు రోము సామ్రాజ్యం మీద పరిశోధన చేసే ప్రొఫెసర్లంతా చందాలేసుకుని ఆ శిల్పికి గుడి కట్టాలి (సరే, చర్చే కట్టండి), ఎందుకంటే ఆ పేరొక్కటీ చెక్కేసి ఉంటే ఎన్ని పొయ్యిల్లో పిల్లి లేచేది కాదో!

ఆ యుద్ధం 312లో రోము దగ్గర మిల్వియన్ వంతెన వద్ద జరిగింది. దానికి ముందు చక్రవర్తికి కలొచ్చిందని, డాళ్ల మీద క్రీస్తు గుర్తు వేయించమని అందులో చెప్పారని ఆ కాలపు క్రైస్తవ రచయిత లాక్టాంటియస్ రాశాడు. కాదు, పట్టపగలు ఆకాశంలో సిలువ కనిపించింది, సైన్యమంతా చూసింది, చక్రవర్తే ఒట్టేసి నాతో చెప్పాడని ఆయన జీవితచరిత్ర రాసిన బిషప్ యుసేబియస్ రాశాడు. మనింట్లో అయితే ఎవరో కోతలు కోస్తున్నారని వదిలేస్తాం. యూనివర్సిటీలో దాన్ని డాక్టరేట్ అంటారు.

ఇంతకీ చక్రవర్తి క్రీస్తును నిజంగా నమ్మాడా, నటించాడా? యుద్ధం అయిన ఏళ్లకు కూడా నాణేల మీద సూర్యదేవుణ్ణి ఉంచాడు, 326లో కన్నకొడుకు క్రిస్పస్‌ని చంపించాడు, బాప్తిస్మం 337లో ప్రాణం పోయే ముందు తీసుకున్నాడు. ఇది తేల్చడానికి గ్రీకు, లాటిన్, సిరియాక్ నేర్చుకోవాలి. తర్వాత జర్మన్, ఫ్రెంచ్, ఎందుకంటే ఇదివరకు కొట్టుకున్నవాళ్లు ఆ భాషల్లో కొట్టుకున్నారు. ఇవన్నీ అయ్యేసరికి క్లాస్‌మేట్ల పిల్లలు టెన్త్‌కి వస్తారు, మనకు ఏడాది కాంట్రాక్టు ఉద్యోగం వస్తుంది.

అసలు బాధ అది కాదు. 325లో క్రైస్తవ సిద్ధాంతం మీద తగవు తీర్చడానికి చక్రవర్తి పిలిచిన నైసియా సభకు బిషప్పులు సర్కారు బళ్లలో, చక్రవర్తి ఖర్చుతో వెళ్లారు. చివర్లో రాజభవనంలో విందు. దూసిన కత్తులతో నిలబడ్డ కాపలావాళ్ల మధ్య నుంచి భయం లేకుండా నడిచి లోపలికెళ్లారని, అది క్రీస్తు రాజ్యంలా అనిపించిందని యుసేబియస్ మురిసిపోయాడు. మరి ఆయన తిన్న ఉప్పు అలాంటిది. మన పండితుడు దీన్ని పట్టుకుని 'అధికారానికి అమ్ముడుపోయిన కలం' అని ముప్ఫై పేజీలు ఏకిపారేస్తాడు. చాలా ధైర్యంగా, పుటకు పది పాదసూచికలతో.

ఆ వ్యాసం చదవడానికి సెమినార్‌కి వెళ్లాలి కాబట్టి అదే సాయంత్రం డీన్ గారికి అర్జీ పెడతాడు. 'తమ దూరదృష్టి వల్లే మన విభాగం ఈ స్థాయికి చేరింది' అని మొదలు. విమానం టికెట్‌లో సగం ఇచ్చారు. సాండ్‌విచ్ బిల్లు మాత్రం, రసీదు మీద తేదీ సరిగా కనపడటం లేదని వెనక్కొచ్చింది.