మావగారి ఏసీపై ఉన్నత స్థాయి సమీక్ష

అరసవల్లిలో సూర్యనారాయణస్వామిని పొరుగున పెట్టుకుని చల్లగా పడుకోవాలనుకోవడమే తప్పురా అంటుంది మా అమ్మ. నిజమే గానీ మే నెల్లో మా శ్రీకాకుళం ఉక్కపోతలో రెండు రాత్రులు ఉంటే ఆ స్వామి కూడా ఏసీ అడుగుతాడు.

మా ఏసీ 2010లో పెళ్లికి మావగారు కొనిచ్చింది. కాబట్టి దాన్ని ఏసీ అనకూడదు, "నాన్నగారిచ్చింది" అనాలి. అది ప్రతి ఏప్రిల్లో చల్లదనం ఆపేస్తుంది, మెకానిక్ వస్తాడు, "గ్యాస్ అయిపోనాది బాబూ" అంటాడు. అయిపోడానికి అదేమన్నా బండిలో పెట్రోలా, మూసున్న పైపుల్లో తిరిగేది, తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే కదా అంటే, ఉప్పుగాలికి కాయిల్ తినేసింది, చిల్లు వెతకాలంటే రోజంతా పడద్ది, ముందు నింపేస్తానంటాడు. నింపుతాడు. చిల్లు కుండకి ఏటా అభిషేకం అన్నమాట.

అందుకని ఈసారి ఏం మార్చాలో తేల్చడానికి ఇంట్లో మీటింగ్ పెట్టాం. బావమరిది అన్నాడు, "బయట డబ్బా ఒక్కటే మార్చేద్దాం బావా, లోపలిది నాన్న గుర్తుగా ఉంటుంది". అది మా పెళ్లి లాంటిదిరా, జోడీ కుదరకపోతే రెండూ పాడవుతాయి అన్నాను, మా ఆవిడ ఓ చూపు చూసింది, అక్కడితో ఆపేశాను. తోడల్లుడైతే "కంప్రెసర్ మార్చి ఆర్32 గ్యాస్ కొట్టించెయ్ అన్నయ్యా" అన్నాడు, మాది ఆర్22 అనే పాత రకం గ్యాస్, దాని ఆయిల్ వేరు, ప్రెషర్ వేరు, పాత పైపులు ఆ ఒత్తిడికి తట్టుకోవు, పైగా ఆర్32కి నిప్పంటుకునే గుణం కూడా ఉంది. పెదనాన్నగారికైతే ఒకటిన్నర టన్నుల బరువు ఈ గోడ మోస్తుందా అని బెంగ. టన్నంటే బరువు కాదండీ, ఒక టన్ను ఐసు 24 గంటల్లో కరుగుతూ ఎంత వేడి లాగేస్తుందో అంత అని చెప్తే, "మరి ఆ నీళ్లన్నీ ఎక్కడికి పోతాయిరా" అన్నారు.

ఓజోన్ పొరని తినేస్తోందని, 1987లో మాంట్రియల్లో మొదలైన ఒప్పందం కింద ఆ ఆర్22ని దేశాలన్నీ వదిలించుకుంటున్నాయి. అన్ని దేశాలూ కూచుని ఒక గ్యాస్ వద్దనుకోగలిగాయి, మా ఇంట్లో ఐదుగురం ఒక డబ్బా వద్దనుకోలేకపోయాం.

చివరికి స్టెబిలైజర్ మార్చాం, కెపాసిటర్ మార్చాం, రిమోట్ మార్చాం, కర్టెన్లు కూడా మార్చాం (కర్టెన్లు ఎందుకో నాకిప్పటికీ తెలీదు). గీజర్ మాత్రం ఏ మీటింగూ లేకుండా ఒక్క పూటలో కొత్తదొచ్చేసింది. దానికి ఎలిమెంట్ మీద సున్నం పట్టిందంతే, గీకితే పోయేది. కానీ అది నేను కొన్నది.

నిన్న రాత్రి మావగారు ఫోన్ చేశారు. "ఏసీ బాగా పనిచేస్తోందా అమ్మా?"

"బ్రహ్మాండంగా ఉంది నాన్నా" అంది మా ఆవిడ, ఆ ఏసీ వారంటీ కార్డుతోనే విసురుకుంటూ.