"తాడు పట్టుకుంటే అమా దబ్లం ఎక్కేయొచ్చు" అనే మెసేజ్‌కి జవాబు

ఎవరెస్ట్ బేస్ క్యాంప్ ట్రెక్ చేసి వచ్చినవాళ్ళ మధ్య, నేపాల్‌లో ఎవరెస్ట్‌కి దగ్గర్లోనే ఉన్న అమా దబ్లం శిఖరం గురించి ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. దాని సారం ఇది: "బేస్ క్యాంప్ దాకా నడిచారంటే అమా దబ్లంకి మీరు రెడీ. ఎవరెస్ట్ కంటే 2,000 మీటర్లు తక్కువ. కింది నుంచి పైదాకా తాడు కట్టే ఉంటుంది. షెర్పా పక్కనే ఉంటాడు, అవసరమైతే మోసుకొస్తాడు. ఏమైనా అయితే హెలికాప్టర్ వస్తుంది. మన పూర్ణ 13 ఏళ్ళకే ఎవరెస్ట్ ఎక్కింది, మీకేం తక్కువ?"

ఇది చదివి అడ్వాన్స్ కట్టడానికి సిద్ధపడుతున్నవాళ్ళు ఉన్నారు కాబట్టి ఒక్కో మాటకీ జవాబు చెప్పాలనిపించింది. గైడెడ్ ఎక్స్‌పెడిషన్‌లో చేరడం తప్పని నేను అనడం లేదు. పర్మిట్, టెంట్లు, వంట, తాళ్ళు, వాతావరణ సమాచారం, దారి తెలిసిన మనిషి ఇవన్నీ డబ్బు కడితే సమకూరుతాయి. ఎక్కాల్సిందీ దిగాల్సిందీ మాత్రం మనమే. మెసేజ్ దాచిపెడుతున్నది సరిగ్గా దీన్నే.

ముందు ఎత్తు సంగతి. అమా దబ్లం 6,812 మీటర్లు, ఆ లెక్క నిజమే. కానీ ఎత్తు తక్కువైతే ఎక్కడం తేలికన్న లెక్క ఎక్కడిది? ఎవరెస్ట్‌ను మనుషులు 1953లో ఎక్కారు. అమా దబ్లం శిఖరం మీద తొలిసారి కాలు పెట్టింది 1961 మార్చిలో. మధ్యలో 1959లో ప్రయత్నించిన ఇద్దరు బ్రిటిష్ పర్వతారోహకులు పైకి వెళ్ళి తిరిగి రాలేదు. నేపాల్ వైపు నుంచి ఎవరెస్ట్ మామూలు దారిలో ఎక్కువ భాగం మంచు వాలు. అమా దబ్లంని మామూలుగా ఎక్కే దారి, నైరుతి గట్టు, అలా ఉండదు. రాయి, గట్టి ఐస్, రెండూ కలిసిన చోట్లు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి, చాలాచోట్ల రెండు పక్కలా లోయే.

గాలి గురించి కూడా చెప్పాలి. బేస్ క్యాంప్ ట్రెక్‌లో చాలామంది చేరే అత్యధిక ఎత్తు కాలాపత్తర్, సుమారు 5,550 మీటర్లు. తెల్లవారుజామున ఎక్కి, ఫొటో తీసుకుని గంటలో దిగిపోతారు. అమా దబ్లంలో క్యాంప్ 1 దానికంటే పైన, దాదాపు 5,700 దగ్గర ఉంటుంది. అక్కడ నిద్రపోవాలి. క్యాంప్ 2 సుమారు 6,000 మీటర్ల దగ్గర. శిఖరం మీద అందే ఆక్సిజన్ సముద్రమట్టంలో అందేదానిలో సగం కూడా ఉండదు. ఎవరెస్ట్‌కి డబ్బు కట్టి వెళ్ళేవాళ్ళు దాదాపు అందరూ 7,000 మీటర్లు దాటాక ఆక్సిజన్ సిలిండర్ పెట్టుకుంటారు. అమా దబ్లంని మామూలుగా సిలిండర్ లేకుండానే ఎక్కుతారు. ఈ ముక్క మెసేజ్‌లో లేదు.

ఇక తాడు. అందరినీ ఎక్కువగా మోసం చేస్తున్న మాట ఇదే కాబట్టి దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

సీజన్ మొదట్లో షెర్పా బృందం ఎక్కి ఫిక్స్‌డ్ రోప్ (కొండకి బిగించి ఉంచే తాడు) వేస్తుంది, నిజం. అయితే అది ఒకే పొడవాటి తాడు కాదు. కొంతదూరానికొకటి యాంకర్ (తాడుని కొండకి బిగించిన చోటు) ఉంటుంది, అక్కడ ముడి ఉంటుంది. పైకెళ్ళేటప్పుడు చేతిలో జుమార్ (తాడు మీద పైకి జరిగి, కిందికి జారని పట్టు), దానికి తోడు హార్నెస్ (నడుముకి, తొడలకి కట్టుకునే పట్టీలు) నుంచి ఇంకో స్లింగ్ (పట్టీ) మీద సేఫ్టీ కారబినర్ (తెరిచి మూసే లోహపు కొక్కెం) ఉంటాయి. ప్రతి యాంకర్ దగ్గరా ముందు సేఫ్టీని ముడి దాటించి పై తాడుకి వేయాలి, ఆ తర్వాతే జుమార్ తీసి పైన పెట్టాలి. ఏ క్షణంలోనూ రెండూ ఒకేసారి తీసి ఉండకూడదు. మందపాటి గ్లవ్స్‌తో, చలికి వేళ్ళు మొద్దుబారి, ఆయాసంతో బుర్ర సరిగ్గా పనిచేయని స్థితిలో ఇదే పని మళ్ళీ మళ్ళీ చేయాలి. ఒక్కసారి వరస తప్పితే మిమ్మల్ని పట్టి ఉంచేది ఏదీ లేదు.

అదీగాక అక్కడ ఉండేది ఒక్క తాడు కాదు. పాత సీజన్ల తాళ్ళు కూడా వేలాడుతూ ఉంటాయి. ఎండకి పాడైనవి, రాతి అంచు మీద రాసుకుని పై తొడుగు చిరిగినవి వాటిలో ఉంటాయి. ఏది పట్టుకోవాలో, దేన్ని ముట్టకూడదో చూసి గుర్తుపట్టడం రావాలి. క్యాంప్ 2 చేరేముందు యెల్లో టవర్ అనే రాతి గోడ వస్తుంది, దాదాపు నిటారుగా. అక్కడ జుమార్ తోస్తే సరిపోదు. కాలు ఎక్కడ పెట్టాలో వెతికి, కాళ్ళతో ఒంటిని పైకి లేపాలి. రాతి మీద ఎక్కడం అలవాటు లేనివాళ్ళు అక్కడ చేతుల బలంతోనే లాక్కుంటారు. క్యాంప్ 2 చేరేసరికి ఆ చేతుల్లో ఏమీ మిగలదు, శిఖరం ఇంకా 800 మీటర్ల పైన ఉంటుంది.

దిగడం అంతకంటే కష్టం. నిటారు చోట్ల ప్రతి యాంకర్ దగ్గరా ఫిగర్ ఎయిట్ (తాడు మీద జారే వేగాన్ని అదుపు చేసే లోహపు పరికరం) తీసి, తర్వాతి తాడుకి వేసుకుని రాపెల్ చేయాలి, అంటే తాడు మీద జారుతూ దిగాలి. అది చేయి జారి కిందపడితే ఒక్క కారబినర్‌తో ఇటాలియన్ హిచ్ అనే ముడి వేసి దిగడం తెలియాలి. అప్పటికి మీరు అర్ధరాత్రి నుంచి నడుస్తూనే ఉంటారు. ఈ పనులు కొండ మీదే నేర్చుకుందాం అనుకునేవాళ్ళకి ఒకటే చెప్తాను: అక్కడ వెనక ఇంకొకరు వేచి ఉంటారు, అదే తాడు మీద, అదే చలిలో. మీకు రాకపోతే ప్రమాదం మీ ఒక్కరికే కాదు.

షెర్పా మోసుకొస్తాడన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించగలను. 2023 మేలో గెల్జే షెర్పా ఎవరెస్ట్ మీద 8,000 మీటర్ల పైన కదలలేని స్థితిలో ఉన్న ఒక మలేషియా పర్వతారోహకుణ్ణి వీపున వేసుకుని, మంచు మీద లాగి, గంటల తరబడి కష్టపడి సౌత్ కోల్ దగ్గరి క్యాంప్ దాకా దించాడు. ఆ వీడియో ప్రపంచమంతా చూసింది. ఆయన తన క్లయింట్ శిఖర ప్రయత్నాన్ని ఆపించి మరీ ఆ పని చేశాడు. అంత అసాధారణమైన సాహసాన్ని ప్యాకేజీలో ఉండే సర్వీసులా రాయడం చాలా తప్పు. పైగా ఆయన లాగింది మంచు వాలు మీద. అమా దబ్లంలో గట్టు వెంట తాడు చాలాచోట్ల అడ్డంగా సాగుతుంది. ఒళ్ళు వదిలేసిన మనిషిని నిటారు గోడ మీద నుంచి కిందికి దించొచ్చు గానీ, అడ్డంగా సాగే గట్టు మీద లాక్కురావడం దాదాపు అసాధ్యం. పక్కన ఎంత గొప్ప షెర్పా ఉన్నా అంతే. ఆయనకీ ఇంట్లో ఎదురుచూసే పిల్లలు ఉంటారు. 2006 నవంబర్‌లో, అమా దబ్లం శిఖరం కింద వేలాడే పెద్ద మంచుగడ్డ విరిగి క్యాంప్ 3 మీద పడి ఆరుగురు చనిపోతే, వాళ్ళలో ముగ్గురు షెర్పాలు. ఆ తర్వాతే చాలా బృందాలు క్యాంప్ 3 మానేసి క్యాంప్ 2 నుంచే శిఖరానికి వెళ్తున్నాయి. అంటే ఆఖరి రోజు ఇంకా పొడుగైంది.

హెలికాప్టర్ గురించి ఒక్క సంఘటన చాలు. 2010 నవంబర్‌లో ఇదే అమా దబ్లం మీద చిక్కుకున్న ఇద్దరిలో ఒకర్ని దించి, రెండోవారి కోసం మళ్ళీ వెళ్ళిన హెలికాప్టర్ కూలిపోయింది. కెప్టెన్ సబిన్ బస్నెత్, ఆయనతో ఉన్న పూర్ణ అవాలే చనిపోయారు. పల్చటి గాలిలో రెక్కలకి పట్టు తక్కువ, మబ్బు కమ్మితే ఎగరలేరు, రాత్రి అసలే రారు. ఇన్సూరెన్స్ పేపర్లు కూడా ఒకసారి తీసి చదవండి. చాలా ట్రావెల్ పాలసీలు ఒక ఎత్తు దాటాక వర్తించవు, తాడు వాడే క్లైంబింగ్‌ని విడిగా మినహాయిస్తాయి.

చివరికి పూర్ణ పేరు. ఆ వాక్యం చదివి నాకు బాధ, కోపం రెండూ వచ్చాయి. నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న టిబెట్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కేనాటికి వయసు 13 ఏళ్ళ 11 నెలలు. ఆమెతోపాటే ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు. కానీ అంతకుముందు ఏం జరిగింది? గురుకుల పాఠశాలల నుంచి వందమందికి పైగా పిల్లల్ని తీసుకుని భువనగిరి కొండ రాతి మీద శిక్షణ ఇచ్చారు. అందులో నిలిచినవాళ్ళని డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌కి పంపారు, రెనాక్ శిఖరం ఎక్కించారు. తర్వాత లడఖ్ చలిలో మళ్ళీ పరీక్షించారు. అన్ని వడపోతల తర్వాత మిగిలింది ఆ ఇద్దరు. ఇంత శ్రమ చేసిన అమ్మాయి పేరుని, "శిక్షణ అక్కర్లేదు" అని చెప్పడానికి వాడుకుంటున్నారు.

నిజంగా అమా దబ్లం వెళ్ళాలని ఉంటే దారి ఉంది. భువనగిరి రాతి మీద మొదలుపెట్టండి. ఉత్తరకాశీ, డార్జిలింగ్, మనాలి ఇన్‌స్టిట్యూట్లలో ఎక్కడైనా దాదాపు నాలుగు వారాల బేసిక్ కోర్సు చేయండి. ఎ గ్రేడ్ వస్తే అడ్వాన్స్ కోర్సుకి వెళ్ళండి. లడఖ్‌లో కాంగ్ యాత్సే 2 లాంటి 6,000 మీటర్ల శిఖరం ఎక్కి మీ ఒళ్ళు ఆ ఎత్తులో ఎలా ఉంటుందో చూసుకోండి. ఎవరెస్ట్, అమా దబ్లం ఉన్న ఖుంబూ ప్రాంతంలోనే ముందు లోబుచే ఈస్ట్ అనే శిఖరం ఎక్కి, ఆ ఎత్తుకి అలవాటుపడి అమా దబ్లంకి వెళ్ళే బృందాలూ ఉన్నాయి.

కంపెనీతో మాట్లాడేటప్పుడు ఇవి అడగండి: ఒక గైడ్‌కి ఎంతమంది క్లయింట్లు? శిఖరం రోజు ఎన్ని గంటలకి వెనక్కి తిరగాలన్నది ఎవరు నిర్ణయిస్తారు? గైడ్ దిగిపొమ్మంటే ఆ మాటే చివరిదా? వాళ్ళు మిమ్మల్ని అడగాల్సినవి కూడా ఉన్నాయి: ఏ కోర్సు చేశారు, ఎంత ఎత్తుకి వెళ్ళారు, జుమార్ మార్చడం, రాపెల్ చేయడం వచ్చా అని. ఈ ప్రశ్నల్లో ఒక్కటీ అడగకుండా అడ్వాన్స్ ఎప్పుడు కడతారని అడిగే కంపెనీకి ఒక్క రూపాయి కూడా కట్టకండి.