కిలో బీరకాయలకు నా రివ్యూ

పాతకాలం బాణీలో తయారైన చిన్న చిన్న వీడియో గేములు ఆడి, ఎలా ఉన్నాయో రాయడం నా వ్యాపకం. ఇందులో డబ్బెంత వస్తుందని మా నాన్న ఒకసారి అడిగారు. చెప్పాక మళ్లీ అడగలేదు.

ఆ ఆదివారం నా చేతిలో ఉన్నది షవెల్ నైట్. 2014లో వచ్చిన గేమ్. తయారీకి ముందు కిక్‌స్టార్టర్ అనే చందాల వెబ్‌సైటులో అడిగితే జనం మూడు లక్షల డాలర్లకు పైగా ఇచ్చారు. ఇందులో వీరుడి చేతిలో కత్తి ఉండదు, పార ఉంటుంది. దానితోనే శత్రువులను బాదుతాడు, మట్టి తవ్వుతాడు, వజ్రాలు ఏరుకుంటాడు. నాన్న నా వెనక నిలబడి కాసేపు చూశారు. "పారంటే ఇంత ఇష్టమని ఎప్పుడూ చెప్పలేదేరా? మొన్న కొబ్బరిచెట్టుకి పాదు చెయ్యమంటే నడుం పట్టేసిందన్నావు" అన్నారు. నేను వినపడనట్టు పార ఊపుతూ ఉండిపోయాను.

ఈ గేములో ఒక ఏర్పాటు ఉంది. వీరుడు చచ్చిపోతే అతని డబ్బులో కొంత రెక్కలున్న మూటలై అక్కడే గాల్లో తేలుతుంది. తిరిగి అక్కడికి చేరుకుంటే మన డబ్బు మనకొస్తుంది. ఈలోగా ఇంకోసారి చచ్చామా, పాత మూటలు గోవిందా. పోయిన పది కోసం వెళ్లి వంద పోగొట్టుకోవడమన్నమాట. ఇది గుర్తుంచుకోండి, మా అమ్మ విషయంలో అవసరం పడుతుంది.

చూడ్డానికి అచ్చం మా చిన్నప్పటి టీవీ గేములా ఉంటుంది గానీ, కాదు. ఆ పాత మిషన్లలో ఒకే వరసలో ఎనిమిది బొమ్మ ముక్కలకు మించి పట్టేవి కావు. అందుకే శత్రువులు గుంపుగా వస్తే మినుకుమినుకుమనేవారు. షవెల్ నైట్ చేసినవాళ్లు ఆ రంగులూ ఆ బొమ్మల తీరూ ఉంచుకుని, మినుకుని మాత్రం తీసేశారు. సరిగ్గా ఈ సంగతి రాద్దామని కూర్చుంటే, గేమ్ కార్డు చదవలేకపోతున్నానని నా గేమ్ మిషన్, నింటెండో స్విచ్, మొరాయించింది.

తపాలా బిళ్లంత కార్డు. బయటికి లాగాను. ఆ తర్వాత జరిగినదానికి బుర్ర బాధ్యత లేదు, తప్పంతా చేతిదే. తొంభైల్లో టీవీ గేమ్ క్యాసెట్ ఆడకపోతే ఏం చేసేవాళ్లం? నోటి దగ్గర పెట్టుకుని ఉఫ్‌మని ఊదేవాళ్లం. ఊదితే తుంపర్లు పడి పిన్నులు పాడవుతాయని ఇప్పుడు నాకు తెలుసు, చేతికి తెలియదు. ఉఫ్‌మన్నాను. కార్డు కింది పెదవికి ఆనింది. పెదవి తడుపుకున్నాను.

చేదంటే చేదు కాదు. వేపాకు నమిలి దానిమీద కాకరకాయ రసం తాగినట్టుంది. చిన్నపిల్లలు మింగకుండా ఈ కార్డులకు డెనటోనియం బెంజోయేట్ అనే పదార్థం పూస్తారు. 1958లో స్కాట్లండ్‌లో మత్తుమందుల మీద పరిశోధన చేస్తుంటే అనుకోకుండా బయటపడింది. హాని లేదు, చేదు మాత్రమే. ఈ విషయం నేనే ఇదివరకు రెండు వ్యాసాల్లో రాశాను కూడా.

నోరు పుక్కిలించుకుని వస్తుంటే అమ్మ కేకేసింది. "ఒరేయ్, అత్తయ్య పన్నెండింటికల్లా వచ్చేస్తుంది. ఈ బీరకాయలు చేదున్నాయేమో కాస్త చూసి పెట్టు."

మా ఇంట్లో ఆ పని నాదే. కాయకో ముక్క కోసి ఇచ్చింది. మొదటిది చేదు. రెండోది చేదు. మూడోది ఎత్తుగడ బాగానే ఉంది గానీ ముగింపు చేదు. ఆరు కాయలకు ఆరూ చేదేనని తీర్పు చెప్పాను.

"అన్నీనా?"

"అన్నీ."

అమ్మ ఇంకేం మాట్లాడలేదు. ముక్కలతో సహా సంచిలో వేసుకుని, చెప్పులేసుకుని రైతుబజారుకి బయల్దేరింది. అరవై రూపాయల మూట అక్కడ గాల్లో తేలుతోంది మరి.

తర్వాత అమ్మ చెప్పిన దాని ప్రకారం, ఆ బీరకాయలావిడ ఒక కాయ విరిచి అక్కడికక్కడే సగం నమిలేసింది. "ఏది చేదమ్మగారూ? మీరూ తినండి" అంది. అమ్మ తింది. పక్కన టమాటాలాయన తిన్నాడు. కొనడానికొచ్చిన ఇద్దరు తిన్నారు. కమ్మగా ఉన్నాయట. ఆ మొహమాటానికి అమ్మ అవే బీరకాయలు తిరిగి సంచిలో వేసుకుని, తినేసిన వాటికి బదులు ఇంకో అరకిలో, పైన బెండకాయలు కిలో, ఎవరూ తినని ఒక సొరకాయ కొనుక్కుని వచ్చింది.

"పొద్దున్నే ఏం తిన్నావురా?" అని గుమ్మంలోనే అడిగింది. కార్డు చూపించాను. నమ్మలేదు. నాలుక చివర అలా ఆనించి, ఇలా సింకు దగ్గరికి పరిగెత్తింది. నాన్న పేపర్ మడిచి లేచారు. "షుగరుకి రోజూ కాకరకాయ రసం తాగేవాణ్ణి, నన్నేం చేస్తుందే?" అని కార్డు అందుకున్నారు. అర నిమిషం గంభీరంగా నిలబడ్డారు. ఆ తర్వాత పంచదార డబ్బా ఎక్కడుందని సైగ చేశారు.

పన్నెండింటికి అత్తయ్య వచ్చింది. బీరకాయ పప్పు వడ్డించాం. నేనూ అమ్మా నాన్నా తలొంచుకుని తింటున్నాం. అత్తయ్య రెండు ముద్దలు తిని ఆగింది.

"వదినా, పప్పులో ఉప్పు వెయ్యలేదా?"

ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.