ఆడిన గంటల లెక్క గారికి బెజవాడ నుంచి ఒక విన్నపం

మహారాజశ్రీ ఆడిన గంటల లెక్క గారి సముఖానికి,

విజయవాడ సత్యనారాయణపురం నుంచి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం వేరే అడగక్కర్లేదు. కంప్యూటర్ గేమ్‌లు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో ఏ గేమ్ రివ్యూ తెరిచినా బొటనవేలు బొమ్మ దగ్గరే తమరు కొలువుదీరి ఉంటారు. రాసినాయన కింద ఏం మొరపెట్టుకున్నాడో తర్వాత సంగతి. ముందు ఆయన ఆ గేమ్ ఎన్ని గంటలు ఆడాడో చెప్పే తమరి అంకె చూస్తాం, ఆపైన ఆయన్ని నమ్మాలో వద్దో తేల్చుకుంటాం.

తమరికి ఇప్పుడు రాయాల్సి రావడానికి కారణం మా బామ్మర్ది. మొన్న వాడొక చిన్న పజిల్ గేమ్ కొన్నాడు. ఎవరో ఒక్కడే కూర్చుని చేసుకున్న ఆట. తెర మీద తీగల ముక్కలుంటాయి, మౌస్‌తో తిప్పాలి, తీగ కలిస్తే దీపం వెలుగుతుంది. కథ లేదు, మాటల్లేవు, చచ్చి మళ్లీ పుట్టడం లేదు. ధర అంటారా, ఆ డబ్బుకి బీసెంట్ రోడ్డులో సెల్‌ఫోన్ కవరు కూడా బేరమాడాలి. ఆడుతున్నంతసేపూ వాడు గోళ్లు కొరుక్కున్నాడు. "బావా, ఇది రెండు వైపుల నుంచీ రావాలి, చూశావా!" అని నన్ను కేకేసి పిలిచాడు. మా అత్తగారు కళ్లజోడు వెతుక్కుని వచ్చి, "ఆ మూలది తిప్పరా" అని ఒక దీపం తనే వెలిగించి, విజయగర్వంతో పప్పు చూసుకోవడానికి వెళ్లిపోయారు. చివరి దీపం వెలిగినప్పుడు వాడు చప్పట్లు కొట్టాడు.

అప్పుడు తమరు దర్శనమిచ్చారు. 0.8 గంటలు.

వాడి మొహం మాడిపోయింది. "గంట కూడా రాలేదు బావా, దండగ!" అని అక్కడికక్కడే బొటనవేలు కిందికి తిప్పేశాడు. "ఆట బాగుంది, కానీ పొట్టి" అని రాశాడు. అరనిమిషం కింద చప్పట్లు కొట్టిన చేతులే అవి. ఇంత శక్తి మా ఊళ్లో వడ్డీవ్యాపారులకు కూడా లేదు స్వామీ. అన్నట్టు, 0.8 గంటలంటే నలభై ఎనిమిది నిమిషాలని లెక్కకట్టుకోవడం కూడా ఒక పజిలే. దానికి తమరు విడిగా ఛార్జి చేయకపోవడం గొప్ప మనసు.

అదే గేమ్ కింద మిగతా జనం రాసినవి కూడా చదివాను. ఒకాయన "మరీ సులువు, చిన్నపిల్లలకు" అన్నాడు. ఇంకొకాయన సగంలో ఇరుక్కుపోయి యూట్యూబ్‌లో జవాబులు చూసి గట్టెక్కాడట, ఆయనకూ పొట్టిగానే ఉంది. జవాబులు చూసి రాస్తే ఇంటర్ పరీక్ష మాత్రం పొడుగ్గా ఉంటుందా? ఒకావిడ "హాయిగా ఉంది, టెన్షన్ తగ్గింది" అని రాసింది, ఆవిడ గోల ఎవరికీ పట్టలేదు. అన్నిటికంటే నాకు నచ్చిన రివ్యూ: "ఫోన్‌లో ఇలాంటివి ఫ్రీగా వంద దొరుకుతాయి." దొరుకుతాయి. లెవెల్‌కో ప్రకటన, మధ్యలో "మీ శక్తి అయిపోయింది, రెండు గంటలాగి రండి" అని ఒక బోర్డు. ప్రకటన నడిచేటప్పుడు మూయడానికి పెట్టిన ఇంటూ గుర్తు ఎక్కడుందో వెతుక్కోవడమే వాటిలో అసలు పజిల్. తమరి లెక్కలో ఆ వెతుకులాట కూడా ఆడిన సమయమే కదా!

ఈ గంటల కొలత మాకు కొత్తదేం కాదు. ఇంట్లో కంప్యూటర్ లేని రోజుల్లో నెట్ సెంటర్‌లో గంటకింత అని కట్టి ఆడేవాళ్లం. అప్పుడు తమరు గోడ గడియారం రూపంలో ఉండేవారు. ఆట త్వరగా అయిపోతే డబ్బు మిగిలిందని సంబరపడేవాళ్లం. ఇప్పుడు డబ్బు ఒకేసారి కట్టేశాం, గంటకెంత అని అడిగేవాడే లేడు. మరి మేమెందుకు కూలి లెక్క వేస్తున్నామో తమరే సెలవివ్వాలి.

ఇంకో విడ్డూరం. ఇదే బామ్మర్ది గాంధీనగర్‌లో సినిమా చూసి బయటికొస్తే మొదటి మాట "సెకండాఫ్ లాగ్ బావా, ఇరవై నిమిషాలు లేపేయాలి" అనే అంటాడు. విడుదలైన రెండో రోజు ట్రిమ్ చేశారంటే మళ్లీ వెళ్తానంటాడు. టికెట్ డబ్బుకి నిమిషాలు తగ్గిపోయాయని ఇంతవరకూ ఒక్కడూ గొడవ చేయలేదు. ఆ నిర్మాతలు పుణ్యం చేసుకున్నారు, హాలు గేటు దగ్గర తమరు లేరు.

తమరికి తెలియదని కాదు గానీ, పజిల్‌ను సాగదీయడం కుదరదు. కత్తి తిప్పే ఆటలో ఇంకో పదిమంది శత్రువులను దింపితే పది నిమిషాలు గడుస్తాయి. పజిల్‌లో ఒక్క ఊహ ఉంటుంది. దాన్ని మాటల్లేకుండా నేర్పి, ప్రతి లెవెల్‌లో ఒక కొత్త మెలిక పెట్టి, మెలికలు అయిపోగానే ఆపేయాలి. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు మూసినా చప్పుడు కావు" అని పొడుపు కథ వేస్తే "కనురెప్పలు" అనగానే అయిపోయింది. అదే తలుపులకు గొళ్లెం, గడియ, గుమ్మం తగిలించి గంటసేపు చెబితే వినేవాడి తలుపులే మూతపడతాయి. 2007లో వచ్చిన పోర్టల్ అనే పజిల్ గేమ్ చూడండి. గోడకు రెండు కన్నాలు, ఒకదాంట్లో దూరితే ఇంకోదాంట్లోంచి తేలడం, అంతే సంగతి. కాలేజీ విద్యార్థులు చేసిన ఒక ఆటలోంచి పుట్టింది. మూడు నాలుగు గంటల్లో అయిపోతుంది. ఇప్పటికీ దాన్ని తలుచుకోని పజిల్ ప్రియుడు లేడు.

పొట్టిదనం పోగొడదామని చూసినవాళ్ల గతీ తమరికి తెలుసు. 2014లో మాన్యుమెంట్ వ్యాలీ అనే ఫోన్ పజిల్ గేమ్ పది లెవెల్స్‌తో వచ్చింది. ఇంకా కావాలన్నారు. ఏడాది తిరక్కుండానే మరో ఎనిమిది లెవెల్స్ చేసి కొద్దిపాటి ధర పెడితే, దానికీ డబ్బులా అని ఒంటి నక్షత్రం ఇచ్చిపోయారు. ఫిన్లండ్‌కు చెందిన ఆర్వి తెయికారి 2019లో బాబా ఈజ్ యూ తెచ్చాడు. ఆట నియమాలనే దిమ్మెల్లా తోసి మార్చేసే ఆట, రెండొందలకు పైగా లెవెల్స్. పొట్టి అనే వీల్లేదు. అందుకని "బుర్ర తినేస్తోంది" అన్నారు.

2021 సంగతి మాత్రం నవ్వొచ్చేది కాదు. సమ్మర్ ఆఫ్ 58 అని ఒక దెయ్యాల ఆట, పజిల్ కాదు గానీ తమరి బాధితురాలే. రెండు గంటల లోపు అయిపోతుంది. స్టీమ్‌లో కొన్న పద్నాలుగు రోజుల్లోగా, రెండు గంటలకు తక్కువ ఆడితే డబ్బు వాపసు. ఆట పూర్తిగా ఆడి, బాగుందని రాసి మరీ చాలామంది డబ్బు వెనక్కి తీసుకున్నారు. గేమ్‌లు చేయడం నిరవధికంగా ఆపేస్తున్నానని దాని తయారీదారు ప్రకటించాడు. అందులో తమరి తప్పేముంది? తమరు కొలిచారంతే.

కొలత విషయంలో ఒక్క చిన్న అనుమానం. ఆట నడుస్తుంటే స్టీమ్ ఇచ్చే బొమ్మల కార్డుల కోసం ఆట తెరిచిపెట్టి గుర్రుపెట్టి నిద్రపోయేవాడి రాత్రంతా తమరి ఖాతాలోకి వస్తుంది. మరి ఇరుక్కుపోయిన లెవెల్ గురించి సిటీ బస్సులో కిటికీ పక్కన కూర్చుని తలగోక్కుని, బెంజ్ సర్కిల్ దగ్గర "ఆఁ!" అని పైకి అరిచి, పక్కాయన చేత చీవాట్లు తినేవాడి సమయం ఎవరి ఖాతాలోకి వెళ్తుంది? పజిల్ సగం తెర మూశాకే తెగుతుంది. ఆ సగాన్ని రాసుకోవడానికి తమరి దగ్గర గడి లేదు.

మా బామ్మర్ది కూడా వాపసుకు పెట్టాడు. 0.8 కదా, నిబంధన ప్రకారం హక్కే. డబ్బు వచ్చేసింది. "ఈసారి వందల గంటలు వచ్చేది చూడు బావా" అని నాకు పని అప్పగించాడు. చూశాను. తమరి ఆశీర్వాదం పుష్కలంగా ఉన్న గేమ్ ఒకటి దొరికింది. మొట్టమొదటి రివ్యూలో తమరు 1,400 గంటలని వెలిగిపోతున్నారు. కింద ఒకటే మాట: "కొనకండి."

వాడు అప్పటికే కార్ట్‌లో వేసేశాడు.

ఇట్లు,
తమ విధేయుడు,
0.8 గంటల వాడి బావ