ఆ రెండు తేదీలు చూశారా?

నిరుడు ఒక పరిశోధక విద్యార్థిని తన సిద్ధాంత గ్రంథం చిత్తుప్రతి తెచ్చి చూపించింది. అంశం రొయ్యలకు వచ్చే తెల్లమచ్చ వ్యాధి. ముత్తుకూరు వైపు గుంటల గట్ల మీద తిరిగి వివరాలు సేకరించిన అమ్మాయి. ఒక ఆకు కషాయం దాణాలో కలిపితే వ్యాధి నయమైందని చెప్పే వ్యాసాన్ని ఆధారంగా చూపింది. దాని మొదటి పేజీ అడుగున చిన్న అక్షరాలున్నాయి: అందినది మార్చి 11, ఆమోదించినది మార్చి 14. వ్యాసాన్ని ఆమోదించే ముందు ఇద్దరు నిపుణులు చదివి, లోపాలు పట్టి, రచయితలు దిద్ది పంపడం మూడు రోజుల్లో అయ్యే పని కాదు.

‘‘ఆ పత్రికకు ఐఎస్ఎస్ఎన్ నంబరు ఉంది కదండీ’’ అంది. ఆ 8 అంకెలు పత్రికను గుర్తించడానికే. సినిమా వారపత్రికకైనా ఇస్తారు. డీఓఐ కూడా ఇంటర్నెట్‌లో వ్యాసానికి చిరునామా మాత్రమే, యోగ్యతాపత్రం కాదు. పరిశోధన వ్యాసాలు వెతికిపెట్టే గూగుల్ స్కాలర్ నిపుణుల సమీక్ష జరిగినవాటినీ జరగనివాటినీ కలిపే చూపిస్తుంది. మంచి జర్నల్‌లో సైతం సంపాదకీయాలు, పుస్తక పరిచయాలు సాధారణంగా నిపుణుల పరిశీలనకు వెళ్లవు.

నమ్మదగిన పత్రికలు ఇవీ అని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) ఇచ్చే కేర్ జాబితా 2025 ఫిబ్రవరిలో రద్దయింది. జాబితాలో లోపాలున్న మాట నిజమే. కానీ మంచిచెడ్డలు తేల్చే భారం ఇప్పుడు విశ్వవిద్యాలయాల మీద పడింది. నెల్లూరు విక్రమ సింహపురి, ఒంగోలు ఆంధ్రకేసరి వంటి కొత్త విశ్వవిద్యాలయాల్లో ఆ భారం చివరికి విద్యార్థి నెత్తికే చుట్టుకుంటుందని నా భయం. పరిశోధన, ప్రచురణ నైతికతపై 30 గంటల పాఠం పీహెచ్‌డీలో తప్పనిసరి. ఆ గంటల్లో నిర్వచనాలు చెప్పించుకుంటే లాభం లేదు. పిల్లల చేత పది వ్యాసాలు తెరిపించాలి, తేదీలు చూపించాలి, సంపాదకవర్గంలో ఉన్నారన్న ఆచార్యుల పేర్లు వాళ్ల సొంత సంస్థల వెబ్‌సైట్లలో వెతికించాలి. ‘ఒకే దేశం ఒకే చందా’ కింద 2025 జనవరి నుంచి ప్రభుత్వ విద్యాసంస్థలకు దాదాపు 13,000 జర్నళ్లు అందుబాటులోకి వచ్చాయి. మంచి వ్యాసాలు దొరకలేదనే సాకు చాలావరకు పోయింది.

తెల్లమచ్చకు నికరమైన మందు ఇప్పటికీ లేదు. పరిశోధన చేస్తున్న పిల్ల చెప్పిందని ఒక రైతు ఆ కషాయం కొని ఉంటే? ఆ మాట అడిగాక ఆమె చాలాసేపు మాట్లాడలేదు. వారం తర్వాత పంపిన ప్రతిలో ఆ వ్యాసం లేదు. దాని మీద ఆధారపడ్డ నాలుగు పేజీలూ లేవు.