అర ఇగ్లూలో ఆవకాయ

మా పెదనాన్న తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. త్రాసు పళ్లెం అడుగున అంటించిన చింతపండు ముద్ద, కాటా కింద దాచిన అయస్కాంతం, లోపలి సీసం తవ్వేసిన తూకపు రాళ్లు, ఆయన ఉద్యోగమంతా వీటి మధ్యే గడిచింది. తెనాలి బజారులో ముసలి కూరగాయల వాళ్లు ఇప్పటికీ ఆయన సంచిలో అడక్కుండానే రెండు వంకాయలు ఎక్కువ వేస్తారు. రిటైరయ్యాక పట్టుకోవడానికి ఎవరూ దొరక్క ఆయన టీవీలో వచ్చే డాక్యుమెంటరీల మీద పడ్డారు.

ఆ ఛానెళ్లు తెలుగులో మాట్లాడటం మొదలుపెట్టాక మా ఇంట్లో సీరియళ్లకు నూకలు చెల్లాయి. రాత్రి భోజనాలయ్యాక పెదనాన్న పడక్కుర్చీలో కూర్చుంటారు. తనిఖీ మొదలవుతుంది.

"ఎడారిలో ఒంటరిగా పోతున్నాడట. చుక్క నీళ్లు లేవట. మరి వీడికి ఎదురుగా వెనక్కి నడుస్తూ ఫొటో తీసేవాడికి నీళ్లు ఎవరిచ్చార్రా?"

"సింహం అరకిలోమీటరు అవతల ఉంది. అది ఎముక కొరికితే మాత్రం నా చెవిలో కొరికినట్టుంది."

ఈ రెండోది నిజమే. దూరాన్నుంచి పెద్ద లెన్సుతో బొమ్మ దొరుకుతుంది కానీ చప్పుడు దొరకదు. దాన్ని తర్వాత స్టూడియోలో తయారుచేస్తారు. మంచులో అడుగుల చప్పుడు కావాలంటే సంచిలో కార్న్‌ఫ్లోర్ పోసి పిసుకుతారు. నేనీ ముక్క చెప్పగానే పెదనాన్న వంటింట్లోంచి కార్న్‌ఫ్లోర్ ప్యాకెట్ తెప్పించి చెవి దగ్గర పెట్టుకుని నొక్కి చూశారు. కరకరమంది. ఇన్నాళ్లూ కాటా కింద ఏదో ఉందని తెలుసు గానీ చేతికి చిక్కలేదు, ఇవాళ దొరికిందన్నట్టు ముఖం వెలిగిపోయింది. ప్యాకెట్ చిరిగి పిండి పంచె మీద పడ్డ సంగతి పెద్దమ్మ చూసుకుంది.

అక్కణ్నుంచి ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు. ఫోనులో వెతికి వెతికి పాత కేసులన్నీ తవ్వారు. 1958లో డిస్నీ వాళ్లు 'వైట్ వైల్డర్‌నెస్' అని ఒక చిత్రం తీశారు. అందులో లెమ్మింగులనే ఎలుకల్లాంటి జీవాలు గుంపుగా కొండ అంచు మీదినుంచి సముద్రంలోకి దూకి ప్రాణాలు తీసుకుంటాయి. నిజానికి వాళ్లు తీసింది కెనడాలోని ఆల్బెర్టాలో. అక్కడ సముద్రమే లేదు. ఆ లెమ్మింగులు కూడా అక్కడివి కావు, వేరేచోట కొని తెచ్చినవి. అవి దూకలేదు, వీళ్లే తోశారు. పడింది నదిలో. 1982లో కెనడా టీవీ వాళ్లు ఈ గుట్టు బయటపెట్టారు. అప్పటికే దానికి ఉత్తమ డాక్యుమెంటరీగా ఆస్కార్ వచ్చేసి చాలా ఏళ్లయింది.

"దొంగ తూకానికి బంగారు బొమ్మ!" అని పెదనాన్న ఆ రోజు మజ్జిగన్నం కూడా తినలేదు.

ఆయనకు బాగా నచ్చిన కేసు మాత్రం నానూక్‌ది. 1922లో రాబర్ట్ ఫ్లాహర్టీ ఉత్తర కెనడా మంచులో బతికే ఇన్యూట్ కుటుంబం మీద సినిమా తీశాడు. డాక్యుమెంటరీలకు తాతలాంటిది. వాళ్ల మంచు ఇల్లు ఇగ్లూ లోపల ఫొటో తీద్దామంటే ఆ రోజుల్లో కెమెరా పెద్దది, లోపలేమో చీకటి. అందుకని ఇగ్లూని సగమే కట్టించాడు. రెండోవైపు అంతా ఆకాశం. ఆ అర ఇగ్లూలో, ఆ చలిలో, పాపం వాళ్లు ఇంట్లో పడుకుని లేచినట్టు నటించారు. అప్పటికే తుపాకులు వాడుతున్నవాళ్ల చేత ఈటెలతో వేటాడించాడు. హీరో పేరు నానూక్ కాదు, అల్లాకరియల్లాక్. భార్యగా కనిపించే ఆవిడ ఆయన భార్యే కాదట.

"పేరు అబద్ధం, పెళ్లాం అబద్ధం, ఇల్లు సగం. ఇంక మిగిలిందేమిట్రా?" అనేవారు పెదనాన్న, ఇంటికి ఎవరొచ్చినా. గ్యాస్ సిలిండర్ కుర్రాడికి కూడా ఈ కథ కంఠతా వచ్చు.

ఇంత పట్టున్న మనిషి తూకం ఎప్పుడూ సరిగ్గా ఉంటుందనుకుంటే పొరపాటు. ఆర్చర్ ఫిష్ అని మడ అడవుల నీళ్లలో ఉండే చేప ఒకటుంది. నోట్లోంచి నీటిని పిచికారీలా కొట్టి ఆకు మీది పురుగును కింద పడేస్తుంది. అక్షరాలా నిజం. పెదనాన్న ఒప్పుకోలేదు. "చేపకు గురి చూడ్డం వచ్చా? వెనకాల ఎవడో సిరంజి పట్టుకున్నాడు," అని తీర్పు చెప్పి ఛానెల్ మార్చేశారు. మార్చిన ఛానెల్లో జలకన్యలున్నారు. యానిమల్ ప్లానెట్ 2012లో వదిలిన కార్యక్రమం అది. శాస్త్రవేత్తలుగా కనిపించేవాళ్లంతా నటులే. చూసినవాళ్లు నిజమని నమ్మి గోల చేస్తే, సముద్రాల సంగతి చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ ఒకటి 'అలాంటి జీవులకు ఆధారాలేమీ లేవు' అని ప్రకటన ఇచ్చుకోవాల్సి వచ్చింది.

ఆ ప్రకటన చూపిస్తే పెదనాన్న నన్ను జాలిగా చూశారు. "ముప్ఫై ఏళ్లకు పైగా గవర్నమెంటులో చేశాను. గవర్నమెంటు పని గట్టుకుని లేదని చెప్పిందంటే ఉన్నట్టే."

చివరికి ఆయన్ని ఒప్పించింది చిన్న అక్షరాలు. 2013లో డిస్కవరీ వాళ్లు లక్షల ఏళ్ల కిందట అంతరించిన మెగలొడాన్ సొరచేప ఇంకా బతికే ఉందన్నట్టు ఒక కార్యక్రమం వేశారు. అందులోనూ శాస్త్రవేత్తలు నటులే. ఆఖర్న, రెప్పపాటు సేపు, సన్న అక్షరాల్లో ఏదో సన్నాయి నొక్కులు నొక్కారు. దాన్ని ఆపి చూపించాను. పెదనాన్న కళ్లజోడు పెట్టుకుని టీవీకి అంగుళం దూరంలో నిలబడ్డారు.

"బిస్కెట్ ప్యాకెట్ మీద బరువు వేస్తేనే అంకె ఇంత ఎత్తుండాలని రూలుందిరా. దీనికి రూలు లేదా?" అన్నారు. ఈ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

ఇలా ఉండగా మే నెలలో హైదరాబాదు నుంచి ఆయన మనవరాలు దిగింది. విజువల్ కమ్యూనికేషన్ చదువుతోంది. కాలేజీ ప్రాజెక్టుకు పది నిమిషాల డాక్యుమెంటరీ తీయాలట. విషయం: అమ్మమ్మ ఆవకాయ.

పెదనాన్న వెంటనే షరతు పెట్టారు. "తీసుకో. కానీ ఉన్నది ఉన్నట్టు. నా ఇంట్లో దొంగ తూకం కుదరదు."

మొదటి చిక్కు కాయల దగ్గరే వచ్చింది. ఇప్పుడు కాయలు ఇంట్లో ఎవరు కొడుతున్నారు? బజార్లోనే కత్తి పెట్టుకుని కూర్చుంటారు, కాయకింత అని ఇస్తే టెంకతో సహా టకటకా కొట్టిస్తారు. ముక్కలు సంచిలో వచ్చేశాయి. మనవరాలికేమో అమ్మమ్మ కాయ కొట్టే షాటు కావాలి. పెదనాన్నే సైకిలు తీసుకుని వెళ్లి, కెమెరా కోసం నాలుగు కాయలు, పక్క వీధిలోంచి ఓ కత్తిపీట తెచ్చారు. "నానూక్ ఈటె తెచ్చారా?" అని నేనడిగితే వినపడనట్టు వెళ్లిపోయారు. పెద్దమ్మ కత్తిపీట ముందు కూర్చుని ఎన్నేళ్లయిందో, మొదటి దెబ్బకే టెంక ముక్క ఎగిరి వెళ్లి కెమెరా స్టాండుకు తగిలింది.

రెండో చిక్కు వెలుతురు. వంటింటికి ఒకటే కిటికీ, దానికి సగం ఫ్రిజ్ అడ్డం. మనవరాలు ఎటు తిరిగినా గోడే తగులుతోంది. కాసేపు చూసి పెదనాన్న లేచారు. "డాబా మీదికి పదండి."

"ఆవకాయ డాబా మీద ఎవరన్నా కలుపుతారుటండీ?" అంది పెద్దమ్మ.

"వెలుతురు కావాలే. నీకు తెలీదు, ఊరుకో."

బేసిన్లు, జాడీ, కారం డబ్బా, నువ్వులనూనె అన్నీ మెట్లెక్కాయి. మోసింది పెదనాన్నే. వెనక ఖాళీగా ఉంటే బాగోదని వంటింటి గోడకున్న జల్లెడ, చాట కూడా తెచ్చి డాబా పిట్టగోడకు తగిలించారు. ఎండకు పెద్దమ్మ నెత్తిన కొంగు కప్పుకుంటే, "అది తీసెయ్, వంటింట్లో ఎండేమిటి?" అన్నది కూడా ఆయనే.

అసలు ఘోరం ఉప్పు దగ్గర జరిగింది. పెద్దమ్మ కొలతంతా ఓ పాత ఇత్తడి సోలతో. అత్తగారిచ్చింది. దేశమంతా కిలోలు, లీటర్ల కోసం తిరిగిన మనిషి ఇంట్లో ముద్ర లేని ఆ సోల ఇన్నేళ్లుగా నిక్షేపంలా నడుస్తోంది. దాన్ని సీజ్ చేసే ధైర్యం ఆయనకు లేదు. కారం, ఆవపిండి నిండుగా, ఉప్పు తలగొట్టి, అదీ ఆవిడ లెక్క. మొదటిసారి ఉప్పు పోస్తుంటే చెయ్యి అడ్డం వచ్చింది. మనవరాలు "ఇంకొక్కసారి అమ్మమ్మా" అంది. పోసింది. సరిగ్గా అప్పుడే పక్కింటి వాళ్లు మోటారు వేశారు. మళ్లీ పోసింది. ఆ తర్వాతి టేకులో పెదనాన్న నీడ పడింది. ప్రతిసారీ పైపైన ఉన్నది చేత్తో తీస్తున్నారు గానీ, కారంలో కలిసింది వస్తుందా?

"ఉప్పెక్కువైపోతోందండీ," అంటోంది పెద్దమ్మ.

"పర్లేదులే, నిలవుంటుంది," అన్నారు, ఒకప్పుడు పది గ్రాముల తేడాకు కొట్టుకు సీలు వేయించిన మనిషి.

నూనె పోసే చప్పుడు కెమెరాకు సరిగ్గా ఎక్కలేదు. మళ్లీ నూనె పొయ్యాలంటే ఖర్చు. ఎవరూ అడక్కుండానే పెదనాన్న ఫోను పట్టుకుని స్నానాలగదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు. చెంబుతో బకెట్లోకి ఎత్తెత్తి నీళ్లు పోస్తున్న చప్పుడు చాలాసేపు వినపడింది. బయటికొచ్చి, "కార్న్‌ఫ్లోర్ టెక్నిక్కేరా," అన్నారు నాతో, ఎవరికీ చెప్పొద్దన్నట్టు.

చివరి షాటు, ఆవకాయ కలిపిన బేసిన్లో వేడన్నం వేసి కలిపి ముద్దలు పెట్టడం. ముద్ద తినేది పెదనాన్న. కొత్త కారం, పచ్చి వెల్లుల్లి, దాని మీద ఆ ఉప్పు. మొదటి ముద్దకు నవ్వారు. మనవరాలికి ఫోకస్ కుదరలేదు. ముద్ద తర్వాత ముద్ద వెళ్తూనే ఉంది. ఆఖరి టేకు నాటికి ఆయన ముక్కు, చెవులు ఎర్రబడ్డాయి, కళ్లల్లోంచి ధారగా నీళ్లు. మాట రాక చేత్తో గాల్లో చెంబు బొమ్మ గీస్తున్నారు. ఆ రాత్రంతా మజ్జిగ మీద మజ్జిగ.

పది రోజుల తర్వాత సినిమా వచ్చింది. అందరం టీవీ ముందు కూర్చున్నాం. పెద్దమ్మ గొంతు వినపడుతోంది: "మా అత్తగారు పోయే ముందు ఈ సోల నా చేతిలో పెట్టి, ఇది జాగ్రత్తమ్మా అన్నారు..." తెర మీద సోల. సోల మీదినుంచి మెల్లగా పెదనాన్న ముఖం. ఎర్రటి ముక్కు. చెంపల మీద కన్నీళ్లు. వెనక వేణువు.

వందేళ్ల కిందట రష్యాలో కులెషోవ్ అనే సినిమా దర్శకుడు ఒక నటుడి ముఖమున్న ఒకే ఫిల్ము ముక్కను సూప్ గిన్నె పక్కనా, శవపేటిక పక్కనా అతికించి చూపిస్తే, జనం ఒకచోట ఆకలీ ఇంకోచోట దుఃఖమూ చూశారట. మనవరాలు క్లాసు బాగానే విన్నట్టుంది.

"అది కారమే!" అన్నారు పెదనాన్న, లేచి నిలబడి.

"అబద్ధం ఏముంది తాతయ్యా? కన్నీళ్లు నీవే, మాటలు అమ్మమ్మవే, సోల ముత్తమ్మమ్మదే," అంది మనవరాలు.

పెదనాన్న నోరు తెరిచేలోపే ఫోన్లు మొదలయ్యాయి. అప్పటికే ఫ్యామిలీ గ్రూపులో ఎవరో పెట్టేశారు. రాజమండ్రి నుంచి మేనత్త ఏడుస్తూ, "అన్నయ్యా, అమ్మ గుర్తొచ్చిందా?" అంది. పెదనాన్న మా అందరి వంకా చూశారు. పెద్దమ్మ వంక ఇంకాస్త ఎక్కువసేపు చూశారు.

"ఆఁ... వచ్చిందమ్మా," అన్నారు.

రెండో ఫోనుకు తడబాటు తగ్గింది. నాలుగో ఫోను నాటికి వాళ్లమ్మ ఆవకాయ కలుపుతూ పాడే పాట కూడా గుర్తొచ్చింది. ఆవిడ పాడేదని మాకెవరికీ తెలియదు.

మేనత్త ఊరుకోలేదు. ఆ జాడీలోదే ఓ డబ్బా పంపమంది. ఆ జాడీలోది నోట్లో పెట్టుకుంటే సముద్రం. అప్పటికే పెద్దమ్మ దాన్ని వెనక్కి నెట్టి, వేరే కాయలు కొట్టించి తెచ్చి, ఓ మధ్యాహ్నం అందరూ పడుకున్నాక ఆ చీకటి వంటింట్లోనే ఒక్కత్తే ఇంకో జాడీ కలిపేసింది. పెదనాన్న అందులోంచి డబ్బా నింపి, చీటీ మీద ఆయన పద్ధతిలో నికర బరువు, కలిపిన తేదీ రాసి అంటించారు. పార్సిల్ అందగానే మేనత్త ఫోను.

"సినిమాలోదేనా అన్నయ్యా?"

పెదనాన్న ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి, "ఏం చెప్పనే?" అన్నారు.

పెద్దమ్మ అప్పడాలు వేయిస్తోంది. "సినిమాలోదే అని చెప్పండి," అంది తల తిప్పకుండా. "కాదన్న సంగతి అడుగున చిన్న అక్షరాలతో రాసి పంపిద్దాం."